సున్నా ఎక్కే స్టాపు

చిత్తూరు డిపో గోడమీద కాయితం అతికించినారు.
మైదాజిగురు ఇంకా తడిగానే ఉండాది,
పైమూల ఫ్యాను గాలికి లేస్తా పడతా ఉండాది.
ప్రతిపాదిత మార్పులంట. అభ్యంతరాలుంటే
పదిహేను దినాల్లోగా రాతపూర్వకంగా ఇయ్యాలంట.

మా ఏడో నెంబరు ఇంక సంతపేట లోపలికి పోదు.
దర్గా కాడ తిరక్కుండా
బైపాసెక్కి నేరుగా మురకంబట్టు.
పదకొండు నిమిషాలు మిగుల్తాయి.
మ్యాపులో మా పాత దోవ
చీర అంచు కుట్టు విప్పినాక మిగిలే
సూదిబొక్కల మాదిరి, చుక్కలు చుక్కలుగా.

ఖాదర్ బాషా స్టీరింగు మీద గడ్డం ఆనించి
"మంచిదే కదన్నా,
ఆ సందులో రివర్సు కొట్టి కొట్టి నా భుజం పోయింది" అన్నాడు.
నిజమే.
ఆ సందులో బస్సు తిరగాలంటే
టైలరు మిషను లోపలికి జరపాల,
టీ అంగడోళ్ళు బెంచీ ఎత్తాల,
మిద్దెమీద ఆరేసిన లుంగీ ఒకటి
మా అద్దం తుడిచి పంపాల.

కాయితం కింద పట్టీ. స్టాపులూ, ఎక్కినోళ్ళ లెక్కా.
చూపుడేలు పెట్టి దిగతా వచ్చినా.
గాంధీ బొమ్మ కాడ రెండొందల పన్నెండు,
మార్కెట్టు కాడ నూటా నలభై,
రేకుల షెడ్డు కాడ
సున్నా.

సున్నానా?

పొద్దన్నే అయిదూ ముక్కాలుకి
రేకుల షెడ్డు కాడ చెంగమ్మవ్వ ఎక్కుతాది.
కనకాంబరాల గంప ముందెక్కుతాది, అవ్వ తర్వాత.
కొంగుముడి విప్పి చిల్లర ఏరేలోపల
మార్కెట్టు వచ్చేస్తాది.
అందుకే, "పోనీలే అవ్వా, కూర్చో" అంటా.
దిగేటప్పుడు మూర పూలు టికెట్ మిషను మీద పెట్టి పోతాది.
ఖాదర్ బాషా వాటిని అద్దానికి తగిలిస్తాడు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నైటు డ్యూటీ దిగిన
ముగ్గురాడోళ్ళు ఆడే ఎక్కుతారు,
మోచేతులదాకా పసుపు, కండ్లనిండా నిద్ర.
కూలి శనివారం. టికెట్టూ శనివారమే అనుకున్నాం.
ఎన్నో శనివారాలు వాళ్ళూ మర్చిపోయినారు, నేనూ.
డయాలసిస్‌కి పోయే దొరసామి మొదలియారు
జేబులో చెయ్యి పెడితే చాలు,
నేను కిటికీలోంచి బయటికి చూస్తా,
అప్పుడే చిత్తూరు కొత్తగా కనపడినట్టు.

చెకింగోళ్ళు పట్టుంటే ఉద్యోగం పొయ్యేది.
ఇరవై రెండేండ్లు ఎవురూ పట్టలా.
ఇప్పుడు పట్టుకునింది ఈ కాయితం.

మిషను అబద్ధం చెప్పలా.
నేను కొట్టలేదు, అది లెక్కబెట్టలేదు.
నేను దయ అనుకునింది
రబ్బరుముక్క.
దినామూ అయిదూ ముక్కాలుకి
అయిదుగుర్ని తుడిచేసినా.

అభ్యంతరం రాద్దామని తెల్లకాయితం తెచ్చుకున్నా.
"అయ్యా, ఆ స్టాపులో మనుషులుండారు."
నీకెట్ల తెలుసంటారు.
తెలిసినోడివి టికెట్టెందుకు కొట్టలేదంటారు.
పెన్ను మూత పెట్టేసినా.

మర్నాడు రేకుల షెడ్డు కాడ
గంప ముందెక్కింది, అవ్వ తర్వాత.
నా జోబులోంచి పదిరూపాయలు తీసి బ్యాగులో ఏసి
మిషను నొక్కినా. కిర్రుమని చీటీ వచ్చింది.
"పట్టుకో అవ్వా, టికెట్టు."

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడేంది నాయనా" అని
కొంగుముడి విప్పబోయింది.
వద్దంటే వినలా. చెప్తామంటే
ఎనకనుంచి ఎవురో ఆసుపత్రికి రెండు అని అరిచినారు.
పది నాణేలు, ఒక్కొక్కటే, నా అరచేతిలో లెక్కబెట్టింది.
చీటీని మడిచి, నాణేలున్న చోటే ముడేసుకునింది.

మార్కెట్టు కాడ దిగింది.
మిషను మీద పూలు పెట్టలా.
పెట్టాల్సిన పనేముంది, ఛార్జీ ఇచ్చేసినాక.

అద్దానికి నిన్నటి మూరే
వాడిపోయి ఊగతా ఉండాది.
ఖాదర్ బాషా ఒకసారి దాన్ని చూసినాడు, ఒకసారి నన్ను.
నేను షీటులో రాసుకున్నా,
రేకుల షెడ్డు: ఒకటి.